మార్సెయ్ చూడాలంటే ముందు గాలి చూడాలి

ఫ్రాన్స్ దక్షిణ తీరంలో, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న రేవు పట్నం మార్సెయ్. మన పత్రికల్లో మార్సెయిల్స్ అని కనబడేది ఇదే. పారిస్ చూసివచ్చినవాళ్ళు దీన్నీ అలాగే చూడబోతారు: సోమవారం ఫలానా, మంగళవారం ఫలానా అని రాసుకుని, టికెట్లన్నీ ముందే కొనేసి బయల్దేరతారు. ఇక్కడ ఆ పద్ధతి బెడిసికొడుతుంది. దీవులకు పడవ కదలాలన్నా, కొండదారి తెరవాలన్నా, సముద్రంలో మునగాలన్నా గాలి ఒప్పుకోవాలి. కాబట్టి రోజులవారీ పట్టిక మానేసి రెండు జాబితాలు పెట్టుకోండి. ఒకటి గాలి లేని రోజుకి, రెండోది గాలి రోజుకి. ప్రతి రాత్రీ పడుకోబోయే ముందు మర్నాడు ఏ జాబితా తీయాలో తేల్చుకోండి. ఆ రెండు జాబితాల్లో ఏమేం ఉండాలో, ఏది ఎలా చూడాలో కింద చెబుతున్నాం.

1. గాలిని చదవడం

రోన్ నది లోయ వెంట ఉత్తరం నుంచి దూసుకొచ్చే చల్లటి పొడిగాలిని మిస్ట్రల్ అంటారు. మార్సెయ్‌ని అది వాయవ్యం నుంచి తాకుతుంది. మన దిక్కుల లెక్కలో వాయవ్యానికి అధిపతి వాయుదేవుడే కదా, వాస్తు చదవని ఊరైనా ఈ ఒక్క విషయంలో మనతో సరిపోయింది. మొదలైతే ఒక్క రోజులో తగ్గొచ్చు, మూడు నాలుగు రోజులు ఊరిని పట్టుకుని ఊపొచ్చు. చలికాలంలో, వసంతంలో ఎక్కువ. వేసవిలోనూ వస్తుంది.

కొత్తవాళ్ళు మోసపోయేది ఆకాశాన్ని చూసి. మిస్ట్రల్ వీచే రోజు మబ్బు తునక ఉండదు, ఎండ కళ్ళు చెదిరేలా కాస్తుంది. కిటికీలోంచి చూసి మంచి రోజనుకుని రేవుకి వస్తే పడవలు కట్టేసి ఉంటాయి. అందుకని ఆకాశం బొమ్మ చూడకండి, ఫ్రాన్స్ వాతావరణ శాఖ మెతియో ఫ్రాన్స్ సూచనలో గాలి విసురు ఎంతుందో చూడండి. సగటు వేగం పక్కనే "రఫాల్" అని ఇంకో అంకె ఉంటుంది, అదే విసురు. మోటు లెక్క ఇది: విసురు గంటకు 30 కిలోమీటర్ల లోపుంటే సముద్రం జాబితా తీయండి. 30 నుంచి 50 మధ్య ఉంటే రేవుకి వెళ్ళి టికెట్ కిటికీ దగ్గర అడిగాకే నిర్ణయించుకోండి. 50 దాటితే ఊళ్ళోనే తిరగండి.

తూర్పు గాలి వేరే రకం. మబ్బు, తేమ, వాన తెస్తుంది, అలలు ఉబ్బుతాయి. ఊరికి ఆగ్నేయంగా ఉన్న కొండల తీరంలో సముద్రం పాడయ్యేది మిస్ట్రల్ కన్నా దీనివల్లే ఎక్కువ.

ఇంకో సంగతి. వేసవిలో మిస్ట్రల్ వీస్తే పైనున్న వెచ్చటి నీరు నడిసముద్రం వైపు కొట్టుకుపోయి, అడుగునున్న చల్లటి నీరు పైకి తేలుతుంది. నిన్న 24 డిగ్రీలున్న నీరు ఇవాళ 16కి పడిపోవచ్చు. గాలి తగ్గింది కదా అని మర్నాడే పిల్లల్ని నీళ్ళలో దింపకండి. ముందు మీరు మోకాళ్ళ వరకు దిగి చూడండి.

2. ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ దిగాలి

మే, సెప్టెంబరు చివర, అక్టోబరు మొదటి సగం మంచివి. జూలై, ఆగస్టుల్లో ఎండ మన కోస్తా ఎండంత ఉక్కగా ఉండదు గాని, కొండలు తరచూ మూసేస్తారు, జనం కిక్కిరిసి ఉంటారు. ఊరికి కనీసం మూడు రాత్రులు ఇవ్వండి. ఒక్క రాత్రి పెట్టుకుంటే ఆ ఒక్క రోజూ మిస్ట్రల్ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

పారిస్ గార్ ద లియోన్ స్టేషన్ నుంచి వేగం రైలు మూడు గంటల పైచిలుకులో సాన్ షార్ల్ స్టేషన్‌లో దింపుతుంది. స్టేషన్ ఓ గుట్ట మీద ఉంటుంది. బయటికి రాగానే 104 మెట్ల పెద్ద సోపానం, దాని మీంచి ఊరంతా, ఎదురుగా కొండ మీద బంగారు విగ్రహంతో గుడి. ఫొటో తీసుకోండి గాని, పెట్టెలతో ఆ మెట్లు దిగకండి, స్టేషన్ కిందే మెట్రో ఉంది. విమానంలో వస్తే విమానాశ్రయం బస్సు అరగంటలో ఇదే స్టేషన్‌కి చేరుస్తుంది. క్రూజ్ ఓడలో వచ్చేవాళ్ళు మాత్రం జాగ్రత్త పడాలి. ఓడలు ఆగేది పాతరేవు దగ్గర కాదు, ఊరికి ఉత్తరాన చాలా కిలోమీటర్ల దూరంలో. నడిచిపోదామనుకుంటే సగం పూట గోదాముల గోడల పక్కనే అయిపోతుంది. జొలియెట్ పేట దాకా షటిల్ బస్సెక్కండి.

బసకి మా ఓటు కాస్తెలాన్ చౌరస్తా చుట్టుపక్కలకి. రెండు మెట్రో లైన్లూ అక్కడ కలుస్తాయి, కొండల వైపు బస్సులు అక్కడి నుంచే బయల్దేరతాయి. పాతరేవు ఒడ్డు అందంగా ఉంటుంది, ధర కూడా ఆ అందానికి తగ్గట్టే. ల పానియే పేట సందుల్లో గది తీసుకుంటే మెట్ల మీద పెట్టె మోయక తప్పదు. స్టేషన్ చుట్టూ చవకే గాని రాత్రిళ్ళు ఒంటరిగా తిరగడానికి హాయిగా ఉండదు.

జేబుదొంగల గురించి అతిగా భయపడనక్కర్లేదు. స్టేషన్, నొయాయ్ బజారు, కిక్కిరిసిన మెట్రో, ఈ మూడు చోట్ల ఫోను వెనక జేబులో పెట్టకుండా ఉంటే చాలావరకు సరిపోతుంది. అద్దె కారు తీసుకుంటే సీటు మీద ఖాళీ సంచీ కూడా కనబడకూడదు. కొండదారుల మొదట్లో ఆపిన కార్ల అద్దాలు పగలగొట్టడం అక్కడ మామూలే. నిజానికి ఈ ఊరికి కారు బరువే. మెట్రో, ట్రామ్, బస్సు అన్నిటికీ ఒకే టికెట్. 24 గంటల, 72 గంటల పాసులుంటాయి. పాస్‌పోర్టు పోతే పారిస్ దాకా పరిగెత్తాల్సిన పని ఇప్పుడు లేదు, 2025 ఫిబ్రవరిలో మార్సెయ్‌లోనే భారత కాన్సులేట్ తెరిచారు.

దుకాణంలో, బస్సులో, కౌంటర్ దగ్గర నోరు విప్పగానే మొదటి మాట "బోఁజూర్" కావాలి. అది లేకుండా నేరుగా ప్రశ్న వేస్తే అక్కడ మర్యాద తప్పినట్టే. చాలామంది మనవాళ్ళకి ఎదురయ్యే ముభావానికి సగం కారణం ఇదే.

3. మొదటి పూట: పాతరేవు చుట్టూ కాలినడక

గాలి ఉన్నా లేకున్నా ఈ నడక కుదురుతుంది. మూడు నాలుగు గంటలు పడుతుంది. ఉదయం తొమ్మిదిలోపు పాతరేవు మెట్రో దగ్గర దిగండి. బోర్డు మీద వ్యూ పోర్ అని ఉంటుంది.

రేవు తూర్పు గట్టున జాలర్లు నీలం తొట్లలో చేపలు పరిచి అమ్ముతారు. పది దాటితే మంచి సరుకు అయిపోతుంది. మిస్ట్రల్ రోజుల్లో వేటకెళ్ళేవాళ్ళు తక్కువ, బల్లలూ తక్కువే. పక్కనే తలపైన అద్దంలా మెరిసే పెద్ద ఉక్కు పందిరి. నార్మన్ ఫాస్టర్ రూపకల్పన, 2013లో కట్టారు. దాని కింద నిలబడి తలెత్తితే మీరే తలకిందులుగా కనబడతారు. అక్కడే నేలలో పొదిగిన కంచు ఫలకం వెతకండి. క్రీ.పూ. 600 ప్రాంతంలో ఫొకాయా నుంచి, అంటే నేటి టర్కీ తీరం నుంచి, గ్రీకు నావికులు ఇక్కడ దిగారని దాని మీద రాసి ఉంటుంది. పురాగాథ ప్రకారం ఆ రోజు స్థానిక నాయకుడి కూతురు జిప్తిస్‌కి స్వయంవరం. ఆమె పానపాత్రను అప్పుడే ఓడ దిగిన ప్రోతిస్ చేతికిచ్చింది. వచ్చినవాణ్ణి అల్లుణ్ణి చేసుకుని మొదలైన ఊరు కాబట్టి, తర్వాత ఇటలీ, ఆర్మేనియా, అల్జీరియా, కొమొరో దీవుల నుంచి వచ్చినవాళ్ళతో నిండిందంటే ఆశ్చర్యం లేదు.

రేవు నుంచి తూర్పుకి సాగే పెద్ద వీధి పేరు కానెబియేర్. ఓడల తాళ్ళు పేనే గంజాయి నార పేరు మీద వచ్చిందది.

ఇప్పుడు ఉత్తర గట్టు పట్టుకుని నడవండి. భవనాలన్నీ ఒకే వయసువి, మధ్యలో పురభవనం ఒక్కటే పాతది. కారణం 1943. ఆ ఏడాది మొదట్లో జర్మన్ సైన్యం ఈ పేటలోని జనాన్ని ఖాళీ చేయించి దాదాపు 1,500 ఇళ్ళను డైనమైట్‌తో కూల్చేసింది. పైన మిగిలిన సందులే ల పానియే. పురభవనం వెనక మెట్లెక్కి ఆ పేటలోకి వెళ్ళండి. వీధి వీధీ చూడాలని పట్టుబట్టకండి, వియేయ్ షారితే అనే గులాబిఛాయ రాతి కట్టడం దాకా చేరితే చాలు. 17వ శతాబ్దంలో పేదల్ని బంధించి ఉంచడానికి కట్టిన అనాథాశ్రమం అది, శిల్పి ఇదే పేటలో పుట్టిన పియేర్ ప్యూజే. మూడంతస్తుల వరండాల మధ్య అండాకారపు గుమ్మటం గుడి. ప్రాంగణంలో కాసేపు కూర్చోండి, లోపలి మ్యూజియం కన్నా అదే బాగుంటుంది.

అక్కడి నుంచి దిగితే చారల రాతి కెథెడ్రల్, దాటితే సముద్రం ఒడ్డున మ్యూసెమ్. మధ్యధరా నాగరికతల మ్యూజియం ఇది. రూడీ రిచియోత్తి రూపకల్పన, 2013 జూన్‌లో తెరిచారు. గోడలకి మన పాత కోటల జాలీ కిటికీల్లా కాంక్రీటు అల్లిక ఉంటుంది. లోపలి ప్రదర్శనకే టికెట్. డాబా, అల్లిక మధ్య నుంచి పైకెక్కే వాలుదారి, పాత సాన్ జాన్ కోట తోటలు ఉచితం. డాబా నుంచి కోటకి నీటి మీదుగా సన్నటి నల్ల వంతెన ఉంది. గాలి మరీ ముదిరితే దాన్ని మూసేస్తారు, అప్పుడు చుట్టూ తిరిగి రావాలి. మ్యూసెమ్‌కి మంగళవారం సెలవని గుర్తుంచుకోండి. మిగతా మ్యూజియంలు ఎక్కువగా సోమవారం మూస్తాయి.

డాబా మీంచి ఉత్తరం వైపు చూస్తే పెద్ద ఓడల రేవులు. సూయజ్ కాలువ తెరిచాక మన దేశానికి రాకపోకలు సాగించిన ఓడలెన్నో ఆగింది అక్కడే. 1910 జూలై 8న సావర్కర్ మోరియా ఓడ కిటికీలోంచి దూకి ఈదుకుంటూ ఒడ్డు చేరి పట్టుబడింది ఈ మార్సెయ్ రేవులోనే. ఫ్రెంచి గడ్డ మీద పట్టుబడ్డవాణ్ణి తిరిగి బ్రిటిష్‌వాళ్ళకి అప్పగించడం సబబేనా అన్న తగువు హేగ్ న్యాయస్థానం దాకా వెళ్ళింది.

తిరుగుదారిలో రేవు అడ్డంగా దాటడానికి పురభవనం ముందు చిన్న పడవ ఉంటుంది. దూరం దాదాపు 280 మీటర్లే. నడిస్తే పావుగంట తిరగాలి, పడవలో నాలుగైదు నిమిషాలు.

4. కొండ మీది గుడి

ఊళ్ళో ఎక్కడ నిలబడ్డా కనబడే నోత్ర్ దామ్ ద ల గార్ద్ చర్చిని ఊరివాళ్ళు "బాన్ మేర్" అంటారు, మంచి తల్లి అని. కొండ ఎత్తు సుమారు 150 మీటర్లు. గుడిని 1864లో ప్రతిష్ఠించారు. గంటగోపురం పైన 11.2 మీటర్ల రాగి విగ్రహం, బంగారు పూతతో. ఎక్కేటప్పుడు పాతరేవు నుంచి 60 నంబరు బస్సు, దిగేటప్పుడు నడక. ఇది తిరగేసినవాళ్ళు పైకి చేరేసరికి చూసే ఓపిక లేకుండా కూలబడతారు.

లోపల పైకప్పు నుంచి వేలాడే చిన్న చిన్న ఓడ బొమ్మలు, గోడల నిండా మొక్కుబడి పలకలు చూడండి. తుఫానులో బతికి బయటపడ్డవాళ్ళు చెల్లించిన మొక్కులవి. తిరుపతిలో నిలువుదోపిడీ చూసిన కళ్ళకి ఆ భావం వెంటనే అందుతుంది. బయటి ఉత్తరపు గోడ మీద 1944 ఆగస్టులో జర్మన్ల నుంచి ఊరిని విడిపించిన పోరాటంలో తగిలిన తూటాల గుంటలున్నాయి. మిస్ట్రల్ రోజున ఇక్కడి డాబా మీద టోపీ నిలవదు, చంటిపిల్లలతో వద్దు. గుడి పెందలాడే మూస్తారు గనక సూర్యాస్తమయం కోసం ఆఖరి నిమిషంలో వెళ్ళకండి.

దిగేటప్పుడు సాన్ విక్తోర్ మఠం వైపు రండి. కోటగోడల్లాంటి గోడలు, అడుగున తొలి క్రైస్తవుల కాలపు భూగృహం. ఆ వీధిలోనే 1781 నాటి బేకరీలో నావెత్‌లు అమ్ముతారు. పడవ ఆకారం, నారింజపూల నీటి వాసన. కొరికితే పళ్ళు పరీక్షించేంత గట్టివి. పాతబడ్డాయేమో అనుకోకండి, అవి ఉండేదే అంత. మన రస్కులా కాఫీలో ముంచుకుని తినండి. వారాల తరబడి నిలవుంటాయి, ఇంటికి పట్టుకెళ్ళడానికి పనికొస్తాయి.

5. గాలి లేని రోజు, మొదటి ఎంపిక: దీవులు

పాతరేవు గట్టు మీంచే పడవలు ఫ్రియూల్ దీవులకి, దారిలో షాతో దిఫ్ కోటకి వెళతాయి. కోటకి 20 నిమిషాల ప్రయాణం. టికెట్ కొనేటప్పుడు "ఇవాళ ఇఫ్‌లో దింపుతున్నారా?" అని తప్పకుండా అడగండి. ఆ చిన్న దీవి రేవు అలలకి బార్లా తెరుచుకుని ఉంటుంది. ఫ్రియూల్‌కి పడవ ఆడుతున్నా ఇఫ్ దగ్గర ఆపని రోజులుంటాయి. ఉదయం మొదటి పడవల్లోనే వెళ్ళండి, మధ్యాహ్నానికి గాలి లేచే రోజులే ఎక్కువ.

కోటను మొదటి ఫ్రాన్స్వా రాజు 1524–1531 మధ్య కట్టించాడు, తర్వాత జైలయింది. డూమా రాసిన "కౌంట్ ఆఫ్ మాంటెక్రిస్టో" నవల వల్ల దీనికి పేరొచ్చింది. నవలలోని ఖైదీ పేరుతో ఒక గది, గోడకి కన్నం కూడా చూపిస్తారు, ఆ ఖైదీ కల్పితమే అయినా. మనకి ఆసక్తి కలిగించే అసలు అతిథి వేరే ఉన్నాడు. గుజరాత్ సుల్తాను పోర్చుగీసులకిచ్చిన ఖడ్గమృగాన్ని వాళ్ళ రాజు పోపుకి కానుకగా పంపుతూ 1516లో ఇక్కడి దీవి మీద దింపాడు. ఫ్రాన్స్వా స్వయంగా వచ్చి చూశాడు. అప్పటికి కోట ఇంకా లేదు. పాపం, ఆ జంతువు రోము చేరకుండానే ఓడతో పాటు మునిగిపోయింది.

కోట చూడడానికి గంట చాలు. మిగతా పూట ఫ్రియూల్‌లో గడపండి. నీడనిచ్చే చెట్టు లేదు, టోపీ, నీళ్ళు తప్పనిసరి. ఈదడానికి చిన్న చిన్న మలుపుల్లో నీరు తేటగా ఉంటుంది. ఓ మిట్ట మీద కనబడేది 1820లలో కట్టిన క్వారంటైన్ ఆసుపత్రి. మార్సెయ్‌కి ఆ జాగ్రత్త ఎంత బాధతో వచ్చిందంటే, 1720లో లెవాంట్ నుంచి, అంటే మధ్యధరా తూర్పు తీరం నుంచి, వచ్చిన గ్రాన్ సాంతాంత్వాన్ ఓడ బట్టల బేళ్ళతో పాటు ప్లేగు తెచ్చింది. సంతలో అమ్మాల్సిన సరుకని క్వారంటైన్ నియమాలు సడలించారు. ఊళ్ళో దాదాపు సగంమంది పోయారు.

6. గాలి లేని రోజు, రెండో ఎంపిక: కలాంక్‌లు

ఇక్కడే ఎక్కువమంది తప్పులు చేస్తారు, కాస్త నిదానంగా చదవండి.

తెల్లటి సున్నపురాతి కొండల మధ్య లోతుగా చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్ని కలాంక్‌లంటారు. ఒకప్పటి లోయలవి. మంచుయుగంలో సముద్రం ఇప్పటికన్నా వంద మీటర్లకి పైగా కిందుండేది, తర్వాత నీరు పెరిగి లోయలు మునిగాయి. 2012 నుంచి ఇది జాతీయ ఉద్యానవనం.

ముందు దారి తెరిచి ఉందో లేదో చూడాలి. జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా కార్చిచ్చు ప్రమాదాన్ని బట్టి ఏ రోజుకారోజు కొండలు తెరుస్తారు, మూస్తారు. మర్నాటి సంగతి ముందు సాయంత్రం ప్రకటిస్తారు, "మే కలాంక్" అనే ఉద్యానవనం యాప్‌లో కనబడుతుంది. మూసిన రోజు దూరితే జరిమానా. ఎండిన పైన్ చెట్లకి మిస్ట్రల్ తోడైతే నిప్పు మనిషి కన్నా వేగంగా పరిగెడుతుంది, అందుకే అంత కఠినం. సిగరెట్టు, స్టవ్ ఊసే వద్దు.

తర్వాత ఎక్కడికో తేల్చుకోండి. మొదటిసారికి సుజితోన్ తేలిక. కాస్తెలాన్ నుంచి బి1 బస్సులో చివరి స్టాపు లుమినీ దాకా వెళ్ళండి. విశ్వవిద్యాలయం వెనక నుంచి వెడల్పాటి మట్టిదారి మొదలవుతుంది. కనుమ దాకా అరగంట, అక్కడి నుంచి నీటి ఒడ్డుకి ఇంకో అరగంట దిగుడు. అయితే 2022 నుంచి వేసవిలో రద్దీ రోజుల్లో ఇక్కడికి రోజుకి 400 మందినే పంపుతున్నారు. ఒకప్పుడు 2,500 మంది దాకా దిగేవారు. తొక్కిడికి మట్టి కొట్టుకుపోయి చెట్ల వేళ్ళు బయటపడ్డాయి. రిజర్వేషన్ ఉచితమే గాని కొద్ది రోజుల ముందే తెరుచుకుంటుంది, తెరుచుకోగానే నిండుతుంది. క్యూఆర్ కోడ్‌తో పాటు గుర్తింపు కార్డు అడుగుతారు.

రిజర్వేషన్ దొరక్కపోతే 19 నంబరు బస్సులో మాద్రాగ్ దాకా, అక్కడ 20 నంబరు మారి కాల్‌లాంగ్ దాకా వెళ్ళి తీరం వెంట మార్సెయ్‌వేర్ కలాంక్‌కి నడవండి. గంట నడక, పెద్ద ఎక్కుడు లేదు, నీడా లేదు.

ఏం తీసుకెళ్ళాలంటే, మనిషికి వేసవిలో 2 నుంచి 3 లీటర్ల నీళ్ళు, మిగతా కాలాల్లో 1.5 లీటర్లు. దారిలో కుళాయి, దుకాణం ఏవీ లేవు. అడుగున పట్టున్న బూట్లు వేసుకోండి. వేలమంది నడిచి నడిచి సున్నపురాయి గచ్చులా నునుపెక్కింది, చెప్పులతో జారడం ఖాయం. వచ్చేటప్పుడు ఎక్కుడు కాబట్టి దిగడానికి పట్టిన సమయానికి సగం కలిపి లెక్క వేసుకోండి. నీళ్ళన్నీ కిందే తాగేసి మిట్టమధ్యాహ్నం ఎక్కేవాళ్ళకే వడదెబ్బ తగులుతుంది. లోయల్లో ఫోను సరిగా అందదు. ప్రమాదం జరిగితే 112, సముద్రంలో అయితే 196.

నడవలేనివాళ్ళకి పాతరేవు నుంచి రెండు మూడు గంటల పడవ విహారాలున్నాయి. ఒడ్డున దింపరు, చూపించి తిప్పి తెస్తారు. తిరుగు ప్రయాణంలో గాలి ఎదురవుతుంది, వాంతి వచ్చేవాళ్ళు వెనక భాగంలో, కింద అంతస్తులో కూర్చోండి.

7. గాలి రోజు

మిస్ట్రల్ రోజు వృథా అనుకోకండి. ఉత్తర గట్టు కాఫీ బల్లల దగ్గర వెనక కొండ గాలిని ఆపుతుంది, ముఖాన ఎండ తగులుతుంది. అక్కడ మొదలుపెట్టండి.

కాస్కే గుహ నమూనా మ్యూసెమ్ పక్కనే, 2022 జూన్‌లో తెరిచారు. అసలు గుహ కలాంక్‌ల కింద ఉంది, దాని ద్వారం నీటికి 37 మీటర్ల లోతున. గజ ఈతగాడు ఆన్రీ కాస్కే కనుక్కున్న సంగతి 1991లో లోకానికి తెలిసింది. వేల ఏళ్ళ నాటి గుర్రాలు, చేతి ముద్రలు, పెంగ్విన్‌ని పోలిన పక్షులు గోడల మీద ఉన్నాయి. నీరు పెరిగి అవి చెరిగిపోతున్నాయి గనక నమూనా కట్టారు. టికెట్‌కి సమయం వేస్తారు, ముందే తీసుకోండి.

తర్వాత బి1 బస్సులో మిష్లే బులెవార్. వాస్తుశిల్పి ల కార్బూజియే కట్టిన సితే రాదియూజ్ అక్కడుంది. 1947–1952 మధ్య కట్టిన ఈ ఒక్క భవనంలో 337 ఇళ్ళు, మధ్య అంతస్తులో దుకాణాల వీధి, డాబా మీద పిల్లల కొలను. ఆయనే గీసిన మన చండీగఢ్ కాపిటల్ భవనాలు, ఇదీ 2016లో ఒకే జాబితాగా యునెస్కో వారసత్వంలో చేరాయి. జనం కాపురముంటున్న ఇల్లు కాబట్టి కింద కాపలాదారుని అడిగి, చప్పుడు చేయకుండా చూడండి.

అదే బస్సు మార్గంలో, లుమినీకి ముందు, మాజార్గ్ యుద్ధ శ్మశానం. 1914 సెప్టెంబరు చివర భారత సైనికులు ఫ్రాన్స్ నేల మీద మొదట దిగింది మార్సెయ్‌లోనే. తిరిగి వెళ్ళలేనివాళ్ళలో చాలామంది సమాధులు, స్మారకం ఇక్కడున్నాయి.

8. తిండి

బూయాబేస్ గురించి ఎవరైనా చెబుతారు. అమ్ముడుపోని ముళ్ళ చేపల్ని జాలర్లు కాచుకున్న పులుసే ఇవాళ ఊళ్ళోకెల్లా ఖరీదైన వంటకం. 1980లో కొందరు హోటలువాళ్ళు కలిసి నియమాలు రాసుకున్నారు: నిర్ణీత జాబితాలోంచి కనీసం నాలుగు రకాల చేపలుండాలి, చారు వేరుగా, చేప వేరుగా వడ్డించాలి, చేపను మీ ఎదుటే కోయాలి. మనిషికి 60 యూరోలకి తక్కువ ఉండదు, ఒకటి రెండు రోజుల ముందు చెప్పాలి, తరచుగా ఇద్దరికి తక్కువైతే చేయరు. రేవు ఒడ్డున 20 యూరోలకి బోర్డు పెట్టారంటే అది మామూలు చేపల చారు. తినే పద్ధతి ఇలా: ఎండు రొట్టె ముక్క మీద వెల్లుల్లి రుద్ది, రూయ్ అనే కుంకుమపువ్వు-మిరప ముద్ద రాసి, చారులో తేలేయండి. చింతపండు పులుపు, గోదావరి పులుసు కారం ఇందులో వెతక్కండి. సోంపు దుంప, కుంకుమపువ్వు, సముద్రపు తీపి, అంతే.

శాకాహారులకి ఊరు అనుకున్నంత కష్టం కాదు. పానీస్ అడగండి. శనగపిండి లీటరు నీటికి 250 గ్రాముల చొప్పున ఉడికించి, చల్లార్చి, బిళ్ళలుగా కోసి నూనెలో వేయిస్తారు. బజ్జీకి దూరపు చుట్టం. ఊరికి ఉత్తరాన లెస్తాక్ ఒడ్డున బళ్ళలో వేడివేడిగా అమ్ముతారు, జొలియెట్ నుంచి 35 నంబరు బస్సు. తాపెనాద్ అనే ఆలివ్ పచ్చడిలో మాత్రం చేప కలుపుతారు, అడిగి తినండి. నొయాయ్ మెట్రో బయట కాపూసాన్ బజారులో పచ్చిమిర్చి, కొత్తిమీర, పప్పులు, బియ్యం అన్నీ దొరుకుతాయి. వంటగది ఉన్న బస తీసుకుంటే ఆదుకునేది ఈ బజారే. వంటశాలలు మధ్యాహ్నం రెండింటికి మూసి రాత్రి ఏడున్నరకే తెరుస్తాయి. మూడింటికి అన్నం వేళనుకుంటే పిజ్జాబండే దిక్కు.

9. సబ్బు, బట్ట కొనేటప్పుడు

మార్సెయ్ సబ్బు అన్న పేరు ఎవరైనా వాడుకోవచ్చు, రక్షణ లేదు. కాబట్టి పేరు వదిలేసి వెనక పదార్థాల జాబితా చదవండి. అసలుది ఘనచతురస్రం, 72 శాతం నూనె అని అచ్చు వేసి ఉంటుంది. రంగు, వాసన కలపరు. ఆలివ్ నూనెదైతే ఆకుపచ్చ, కొబ్బరి, పామ్ నూనెలదైతే లేత పసుపు. లావెండర్ వాసన, గులాబి రంగు ఉన్నవి కానుకకి బాగుంటాయి గాని అవి వేరే సబ్బులు. ఆకుపచ్చది ఒంటికి, తెల్లది అని పిలిచే లేత పసుపుది బట్టలకి అని అక్కడి వాడుక. 1688లో రాజశాసనం ఆలివ్ నూనె తప్ప వేరేది వాడొద్దంది. 19వ శతాబ్దానికి వేరుశనగ నూనె కూడా వచ్చి చేరింది. ఆ గింజల్లో కొన్ని మన కోరమాండల్ తీరం నుంచి, పుదుచ్చేరి మీదుగా ఓడలెక్కినవే.

పూల అచ్చుల బట్టలు కూడా కనబడతాయి. వాటిని అందియెన్‌లంటారు, అంటే ఇండియావి అని. మచిలీపట్నం వంటి రేవుల నుంచి వెళ్ళిన అద్దకం బట్టలకి అక్కడ అంత గిరాకీ ఉండేది. 1648లోనే మార్సెయ్‌లో పేకముక్కలు అచ్చువేసేవాడొకడు, అచ్చులు చెక్కేవాడొకడు కలిసి వాటికి నకళ్ళు అచ్చువేయడం మొదలుపెట్టారు. సొంత నేతగాళ్ళు గోల పెడితే రాజు 1686లో నిషేధించాడు, 1759 దాకా ఎత్తలేదు. ఇవాళ రేవు బడ్డీల్లో అమ్మే బల్లగుడ్డలు చాలావరకు ఎక్కడెక్కడివో. చీటీ చూసి కొనండి. కలంకారీ ఇంట్లో ఉన్నవాళ్ళు వదిలేసినా నష్టం లేదు.

సబ్బు ముక్కలు గట్టివి కాబట్టి విమానంలో చేతిసంచీలో పెట్టుకోవచ్చు. నల్లసబ్బు అని సీసాల్లో అమ్మేది ముద్దలా ఉంటుంది, 100 మిల్లీలీటర్లు దాటితే తనిఖీలో తీసేస్తారు, దాన్ని పెద్ద పెట్టెలో పెట్టండి. కొత్త సబ్బును ప్లాస్టిక్ సంచీలో చుట్టకండి, చెమ్మపట్టి జిగురవుతుంది. కాగితంలో చుట్టి బట్టల మధ్య పెడితే దారిలోనే కాస్త ఆరుతుంది. ఎంత ఆరితే అంత నెమ్మదిగా అరుగుతుంది.